నల్గొండా, పాలమూరా? కాపురం మార్చేముందు చూసుకోవలసినవి

దేవరకొండ, డిండి, కల్వకుర్తి, మర్రిగూడ తట్టు ఊర్లలో ఏటా మార్చి, ఏప్రిల్ రాగానే ఈ మాట మొదలవుతుంది. పిల్లల చదువు కోసం కాపురం టౌనుకు మార్చాలి. పట్నం (హైదరాబాద్) కిరాయిలు మోయలేం. మరి నల్గొండకా, పాలమూరు అని పిలుచుకునే మహబూబ్‌నగర్‌కా? రెండూ పాత జిల్లా కేంద్రాలే, రెండూ హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్లే. యూనివర్సిటీ, సర్కారు మెడికల్ కాలేజీ, రైల్వే స్టేషన్, ఆఖరుకు క్లాక్ టవర్ కూడా రెండు చోట్లా ఉన్నాయి. పైపైన చూస్తే చీటీ వేసి తేల్చుకోవచ్చనిపిస్తుంది.

"ఏ ఊరు మంచిది" అని పదిమందిని అడిగితే పది జవాబులొస్తాయి, ఒక్కటీ పనికిరాదు. అడగాల్సింది వేరే: మా ఇంట్లో ఎవరెవరు, నెలకు ఎన్నిసార్లు, ఏ దిక్కు పోతారు? నల్గొండ విజయవాడ రోడ్డు ఊరు, పాలమూరు బెంగళూరు రోడ్డు ఊరు. ఇది తేలితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఊరిని బట్టి కాదు, దిగబోయే ఇంటిని బట్టి ఉంటుంది.

తోవ లెక్క

నల్గొండ నుంచి పట్నం పోవాలంటే నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. చిట్యాల, చౌటుప్పల్, పంతంగి టోల్, పెద్దఅంబర్‌పేట దాటితే హయత్‌నగర్, ఎల్బీనగర్. పాలమూరు నుంచైతే 15 కిలోమీటర్లు పోయి జడ్చర్లలో 44వ నంబరు రోడ్డు ఎక్కుతారు. బాలానగర్, రాయికల్ టోల్, షాద్‌నగర్, కొత్తూరు, శంషాబాద్ మీదుగా ఆరాంఘర్‌లో తేలుతారు.

కాబట్టి ఇంట్లో ఒకరి పని ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఉంటే నల్గొండ. ఎల్బీనగర్‌లో బస్సు దిగితే అక్కడే మెట్రో. పని గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, విమానాశ్రయం వైపు ఉంటే పాలమూరు. మ్యాపులో రెండు ఊర్లూ సమాన దూరంలోనే కనపడతాయి కానీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ నుంచి గచ్చిబౌలికి ఉన్న దూరం కంటే పెద్దఅంబర్‌పేట నుంచి గచ్చిబౌలికి రెట్టింపుకు పైనే. విమానాశ్రయమైతే పాలమూరోళ్లకు తోవలోనే ఉంది, నల్గొండ వాళ్లు ఔటర్ చుట్టి పోవాలి.

రోజూ పోయి రావచ్చులే అనుకునేవాళ్లు ముందు కాగితం మీద రాసుకోండి. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా ఒక వైపు రెండున్నర గంటలు, రెండు వైపులా 5 గంటలు, నెలకు 26 రోజులు అంటే 130 గంటలు. వారానికి రెండు, మూడు రోజులే ఆఫీసుకు పోయే కొలువైతే తట్టుకోవచ్చు. ఆరు రోజుల కొలువైతే ఎక్కువ కాలం సాగదు. మనిషి పట్నంలో చిన్న గది తీసుకుని, కుటుంబం ఇక్కడ ఉండే ఏర్పాటుకు వస్తారు. అప్పుడు రెండు కిరాయిలు. ఆ లెక్క మొదటే వేసుకుంటే, షాద్‌నగర్‌లోనో చౌటుప్పల్‌లోనో ఇల్లు తీసుకోవడమే నయమని కొందరికి తేలుతుంది.

వారానికోసారి సొంత కారులో పోయి వచ్చేవాళ్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ పనికొస్తుంది. 2025 ఆగస్టు 15న అమల్లోకి వచ్చినప్పుడు ఈ పాస్ ధర 3,000 రూపాయలు; 200 ట్రిప్పులు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది. రెండు ఊర్ల నుంచీ పట్నం తోవలో జాతీయ రహదారి టోల్ ఒక్కటే తగులుతుంది. వారానికి ఒక రాకపోక అంటే ఏడాదికి 104 దాటింపులు, ఆ ధరకు ఒక్కో దాటింపుకు 29 రూపాయల లోపే. ఆడవాళ్లకైతే 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల ఎక్కడికైనా జీరో టికెట్టే. ఆధార్ చూపాలి. డీలక్స్, సూపర్ లగ్జరీలకు టికెట్టు కొనాల్సిందే. తొందరలో ఏదో ఒక బస్సని ఎక్కి తర్వాత కండక్టర్‌తో వాదించి లాభం లేదు.

సంక్రాంతికి మూడు రోజుల ముందు, మూడు రోజుల తర్వాత విజయవాడ రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోవద్దు. నల్గొండలో ఉండే కుటుంబం ఆ వారం రైలుకే టికెట్టు తీసుకోవాలి.

రైలు విషయంలో రెండు ఊర్ల మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. నల్గొండ బీబీనగర్–నడికుడి లైను మీద ఉంది. గుంటూరు, ఆ తోవన తిరుపతి, కేరళ దిక్కు పోయే బళ్లు ఇటే వస్తాయి. పాలమూరు కాచిగూడ–కర్నూలు లైను మీద ఉంది. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ నల్గొండ మీదుగా మొదలైంది. అదే రోజు సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్‌నూ (రెండో పట్టా) జాతికి అంకితం చేశారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ వచ్చాక పాలమూరుకు బెంగళూరు దగ్గరైంది. ఈ రెండిట్లో రోజువారీ పోయే మనిషికి డబ్లింగే పెద్ద మేలు. వందేభారత్ ఫొటోలకు బాగుంటుంది, ప్యాసింజర్ బండిని టైముకు నడిపేది రెండో పట్టా. నల్గొండ వైపు డబ్లింగ్ పూర్తయ్యేదాకా క్రాసింగ్ కోసం బండి ఏదో స్టేషన్లో ఆగడం మామూలే, కాబట్టి అక్కడ రోజువారీ పనికి రైలును నమ్ముకోవద్దు. తిరుపతికి మాత్రం ఎవరికీ చింత లేదు: నల్గొండలో నారాయణాద్రి, పాలమూరులో వెంకటాద్రి.

ఊళ్లో చెలక, ముసలి తల్లిదండ్రులు ఉన్నవాళ్లకు పట్నం దూరం కంటే ఊరి దూరమే ముఖ్యం. దేవరకొండ వాళ్లకు నల్గొండ సుమారు 60 కిలోమీటర్లు, కల్వకుర్తి వాళ్లకు జడ్చర్ల మీదుగా పాలమూరు దాదాపు అంతే. నాట్లు, కోతలు, సావులు, పెండ్లిళ్లు కలిపి నెలకు నాలుగైదుసార్లు ఊరికి పోక తప్పదు. ఆ ప్రయాణం పొద్దున పోయి రాత్రికి వచ్చేలా ఉండాలి. అచ్చంపేట వాళ్లు మాత్రం పాలమూరు వైపు తిరిగేముందు శ్రీశైలం రోడ్డు మీద నేరుగా పట్నం ఎంత దూరమో కూడా చూసుకోవాలి. వాళ్లకు రెండు ఊర్లూ పక్కదారే కావచ్చు.

నీళ్లు: ఊరు పేరు చూసి భయపడొద్దు, నమ్మనూ వద్దు

నల్గొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో తరాలు వంగిపోయిన మాట నిజం. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతికి లోకమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. కానీ ఫ్లోరైడ్ ఉండేది భూమి కింది నీళ్లలో, నల్లాలో వచ్చే కృష్ణ నీళ్లలో కాదు. నల్గొండ టౌనుకు నాగార్జునసాగర్ నీళ్లు ఎలిమినేటి మాధవరెడ్డి కాలువ ద్వారా, పానగల్లు ఉదయసముద్రం మీదుగా అందుతాయి. పాలమూరుకూ తాగునీరు కృష్ణదే, రామన్‌పాడు నుంచి వస్తుంది. అంటే నల్లా నీళ్లే తాగేవాళ్లకు రెండు ఊర్లూ ఒకటే.

తంటా వచ్చేది బోరు నీళ్లతో. పాలమూరు నేల కింద ఉన్నదీ గ్రానైట్ రాయే. అక్కడ ఫ్లోరైడ్ ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఊరి చివర కొత్త కాలనీల్లో నల్లా లైను ఇంకా రాని ఇళ్లుంటాయి, ఓనర్ "బోరు ఫుల్లు" అని చెబుతాడు. ఆ మాట నీళ్ల లెక్క చెబుతుందే గానీ నాణ్యత చెప్పదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు టీడీఎస్ మీటరు ముంచి చూసి మంచివని తేల్చడం. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలను చూపుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. టీడీఎస్ 400 చూపే బోరులో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండొచ్చు. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు. పరీక్షకు ఇచ్చేటప్పుడు బోరును 10 నిమిషాలు నడవనిచ్చి, ఒక లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపండి. గాజు సీసా వద్దు. జిల్లా కేంద్రాల్లో తాగునీటి శాఖ ల్యాబులుంటాయి. రిపోర్టులో ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం మూడూ అడగండి.

నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన కొద్దీ నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు కూడా దాన్ని పట్టవు. ఆర్వో పడుతుంది, అదీ మెంబ్రేన్ బాగున్నన్ని రోజులే. ఇంట్లో ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే ఈ పరీక్ష కిరాయి ఒప్పందం కంటే ముందే కావాలి. శాశ్వత పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసు అది. అప్పుడు పడిన మరకలు తర్వాత ఏ పేస్టుకూ పోవు.

ఇక ఎన్ని నీళ్లు? మనిషికి రోజుకు 135 లీటర్లు అనేది పట్టణాల లెక్క. నలుగురికి 540. నల్లా రోజు విడిచి రోజు వస్తే రెండు రోజులకు 1,080. ఒకసారి సరఫరా తప్పినా గడవాలంటే మీ వాటాకు సుమారు 2,200 లీటర్ల సంపు ఉండాలి. నాలుగు పోర్షన్ల ఇంటికి 5,000 లీటర్ల సంపు చూపించి "పెద్ద సంపు" అంటే, భాగహారం చేసి చూడండి: ఒక్కో ఇంటికి 1,250 లీటర్లే. ఇల్లు చూడటానికి మే నెల మధ్యాహ్నం పోవాలి. అప్పుడు బోరు పోస్తుంటే ఏడాదంతా పోస్తుంది. గల్లీలో ట్యాంకర్లు తిరుగుతుంటే డ్రైవర్‌నే అడగండి, ఏ ఇంటికి ఎన్ని రోజులకొకసారి పోస్తున్నాడో ఆయనకు తెలిసినంత ఓనర్‌కు కూడా తెలియదు.

చదువు: బడి కంటే ముందు స్థానికత

బడులు రెండు చోట్లా సరిపడా ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాలు ఉన్నాయి, ఇంటర్ కోచింగ్ కాలేజీలకు కొదవ లేదు. డిగ్రీకి నల్గొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల, పాలమూరులో ఎంవీఎస్ కళాశాల. పీజీకి మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ. ఇంజనీరింగుకు ఎట్లాగూ సగం మంది పట్నమే పోతారు. కాబట్టి కాలేజీల పేర్లు పోల్చి పొద్దు పుచ్చొద్దు.

చాలామంది మరిచేది స్థానికత. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం సర్కారు కొలువుల్లో 95 శాతం స్థానికులకే. ఆ స్థానికత 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. ఉదాహరణకు కల్వకుర్తిలో మూడో తరగతి అయిపోయిన పిల్ల నల్గొండలో నాలుగో తరగతిలో చేరి ఏడు దాకా చదివితే, నల్గొండలో నాలుగేళ్లు, కల్వకుర్తిలో మూడేళ్లు. ఆమె నల్గొండ స్థానికురాలు. అదే పిల్ల ఒక్క ఏడాది ఆగి ఐదో తరగతిలో చేరితే నాగర్‌కర్నూల్ జిల్లా స్థానికతే మిగులుతుంది. కొలువుల భర్తీకి కొన్ని జిల్లాలను కలిపి చేసిన జోన్ కూడా మారుతుంది: నల్గొండ యాదాద్రి జోన్‌లో, పాలమూరు, నాగర్‌కర్నూల్ జిల్లాలు జోగులాంబ జోన్‌లో ఉన్నాయి. రెండూ మల్టీజోన్–2 కిందికే వస్తాయి కాబట్టి పై స్థాయి పోస్టులకు తేడా లేదు. ఏది లాభం అనేది ఇప్పుడే చెప్పడం కష్టం కానీ, తెలియకుండా మార్చుకోవడం మాత్రం తప్పు. అన్న ఒక జిల్లా, చెల్లె ఒక జిల్లా అయిన ఇళ్లు ఉన్నాయి.

ఐదో తరగతి పిల్లలున్నవాళ్లకు ఇంకో మాట. నవోదయ ఆరో తరగతి ప్రవేశానికి, ఐదో తరగతి ఏ జిల్లాలో చదువుతున్నారో ఆ జిల్లా నుంచే రాయాలి. ఆ ఏడాది మధ్యలో జిల్లా మార్చొద్దు. మార్చేముందు పాత బడి నుంచి టీసీతో పాటు ప్రతి తరగతికీ బోనఫైడ్ తీసుకుని దాచండి. చిన్న ప్రైవేటు బడి మూతపడితే పదేళ్ల తర్వాత ఆ కాగితం కోసం తిరగడం మామూలు తండ్లాట కాదు.

పని దొరికే దిక్కు

పాలమూరు అంటే వలస కూలీల జిల్లా అని ఇంకా అనేవాళ్లున్నారు. బొంబాయి, పుణె బస్సులు ఇప్పటికీ నడుస్తున్నాయి, కాదనలేం. అయినా జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ ఫార్మా కంపెనీలు, బాలానగర్, కొత్తూరు ఫ్యాక్టరీలు, దివిటిపల్లి ఐటీ టవర్, అదే తట్టు బ్యాటరీల పరిశ్రమ కలిపి చూస్తే, ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలకు పాలమూరు వైపే దగ్గర్లో ఎక్కువ గేట్లు కనపడతాయి. నల్గొండ వైపు చౌటుప్పల్, చిట్యాల ఫార్మా, మిర్యాలగూడ రైస్ మిల్లులు, దామరచర్ల యాదాద్రి థర్మల్ కేంద్రం, హుజూర్‌నగర్ తట్టు సిమెంటు ఫ్యాక్టరీలు. ఇవి ఒకదానికొకటి దూరంగా చెదిరి ఉన్నాయి. నల్గొండలో ఇల్లు తీసుకుని దామరచర్లకు షిఫ్టుకు పోవడం కంటే మిర్యాలగూడలో ఉండటమే తెలివి.

షిఫ్టు కొలువైతే ముందు కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కుని, నడిచిపోయే దూరంలో ఇల్లు చూడండి. ఫార్మా కంపెనీలకు మరీ దగ్గరగా ఇల్లు తీసుకునేవాళ్లు రాత్రి పది దాటాక ఒకసారి పోయి నిలబడి చూడాలి. పగలు గాలికి చెదిరే వాసన రాత్రి గాలి కదలక కిందికి దిగుతుంది.

దవాఖానలో పెద్ద తేడా లేదు. పాలమూరులో సర్కారు మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది, ఏనుగొండలో ఎస్వీఎస్ ఆసుపత్రి అంతకు ముందే ఉంది. నల్గొండ మెడికల్ కాలేజీ 2019లో మొదలైంది, నార్కట్‌పల్లిలో కామినేని ఆసుపత్రి ఉంది, బీబీనగర్ ఎయిమ్స్ నల్గొండ వాళ్లకే దగ్గర. డయాలసిస్, కీమో లాంటి నెలనెలా చూపించుకునే జబ్బు ఇంట్లో ఉంటే, ఆ డాక్టర్ పట్నంలో ఏ మూల కూర్చుంటాడో దాన్ని బట్టి రోడ్డు ఎంచుకోండి.

ఏ వాడలో ఇల్లు

నల్గొండ రెండు గుట్టల నడుమ ఊరు. ఎండాకాలం రాళ్లు పగలు తాగిన వేడిని రాత్రి కక్కుతాయి, పై అంతస్తు ఇల్లు పెనమే. పాలమూరు దాదాపు 500 మీటర్ల ఎత్తు మీద ఉంది, రాత్రిళ్లు కాస్త నయం. నల్గొండలో పై పోర్షన్ తీసుకోక తప్పకపోతే స్లాబు మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింటు వేయించమని అడ్వాన్సు ఇచ్చే ముందే ఓనర్‌తో ఒప్పించుకోండి. ఇచ్చాక ఎవరూ వేయించరు.

నల్గొండలో పట్నం పోయి వచ్చేవాళ్లకు హైదరాబాద్ రోడ్డు, బడులూ బజారూ దగ్గర కావాలంటే రామగిరి, ఊరికి దేవరకొండ దిక్కు పోయేవాళ్లకు దేవరకొండ రోడ్డు వీలు. పాలమూరులో చూడాల్సింది రైలు పట్టా. ఇల్లు ఒక పక్క, బడి ఒక పక్క అయితే బోయపల్లి గేటు లాంటి చోట రోజూ నిలబడాలి. ఆటోలో పోయే పిల్లలకు పది నిమిషాలు ముందే బయలుదేరక తప్పదు. జడ్చర్ల, పట్నం వైపు పనులుంటే ఏనుగొండ, అప్పన్నపల్లి తట్టు, కర్నూలు వైపు రాకపోకలుంటే భూత్పూర్ రోడ్డు. పెద్దచెరువుకు దిగువన ఇల్లు చూపిస్తే గోడల మీద నీటి చార కోసం చూడండి. కొత్త సున్నం మోకాలు ఎత్తు దాకానే వేసి ఉంటే కారణం అడగనక్కర్లేదు.

మొదటి ఏడాది కిరాయికే ఉండండి. 11 నెలల ఒప్పందం, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూసినాక కొనే మాట. ప్లాటు కొనేటప్పుడు స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం అవుతుంది: 20 లక్షల మీద లక్షా 50 వేలు, ఈ డబ్బు లోన్‌లో రాదు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, పాత లావాదేవీలు చూపే కాగితం), లేఅవుట్ అనుమతి, నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందా, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు నిలిచే) హద్దు ఎక్కడ అనే నాలుగూ చూడకుండా బయానా ఇవ్వొద్దు. రీజినల్ రింగ్ రోడ్డు పేరు చెప్పి రెండు ఊర్ల చుట్టూ ప్లాట్లు అమ్ముతారు. ఆ రోడ్డు చౌటుప్పల్, షాద్‌నగర్ తట్టున పోతుంది, నల్గొండను గానీ పాలమూరును గానీ తాకదు.

ఇల్లు మారాక పనులు తక్కువే. రెండు జిల్లాలూ ఒకే కరెంటు కంపెనీ కింద ఉన్నాయి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచిత కరెంటు వస్తున్నవాళ్లు కొత్త ఇంటి సర్వీసు నంబరును తమ రేషన్ కార్డుకు జత చేయించుకోవాలి, లేకపోతే మొదటి నెల బిల్లు పూర్తిగా వస్తుంది. రేషన్ బియ్యం ఏ షాపులోనైనా తీసుకోవచ్చు, కార్డు మార్పు కోసం ఆగక్కర్లేదు. ఓటుకు ఫారం–8. బండి నంబరు 05 అయినా 06 అయినా మార్చనక్కర్లేదు, ఆర్సీలో అడ్రసు మారిస్తే చాలు.

కిరాయి బేరానికి ఆషాఢం మంచి నెల. ఆ నెలలో ఎవరూ ఇల్లు మారరు, ఖాళీగా ఉన్న ఇంటి ఓనర్ దిగివస్తాడు. కానీ బడులు జూన్‌లోనే తెరుస్తారు, ఆషాఢం దాకా ఆగితే పిల్లల క్లాసులు పోతాయి. పట్టింపు ఉన్నవాళ్లు మేలోనే మంచిరోజు చూసి పాలు పొంగించి, నాలుగు గిన్నెలూ ఒక చాపా పెట్టి తాళం వేసి వస్తారు. సామాను లారీ ఎప్పుడొచ్చినా అప్పుడు పేచీ ఉండదు. మేలోనే దిగితే బోరు సంగతీ తెలిసిపోతుంది.